నాలుగు నిమిషాలు, అయిదు ఫౌళ్లు

విజిల్ వినపడితే చాలు, ఒద్దోనే అనే మనిషి చెయ్యి పైకి లేస్తుంది. ఎవరు ఊదారు, ఎందుకు ఊదారు అని చూడదు. ఆ చెయ్యే అతని పరువు తీసింది. పాతికేళ్ల కిందట ఊరి బాస్కెట్‌బాల్ జట్టు ఫైనల్ గెలిచి ఇటలీ ఛాంపియనైన మర్నాడు పత్రికవాళ్లు ఆటగాళ్ల లెక్కలన్నీ పట్టిక కట్టి వేశారు. అట్టడుగున ఒద్దోనే. ఆడింది నాలుగు నిమిషాలు. పాయింట్లు సున్నా, రీబౌండ్లు సున్నా, పాసులు సున్నా, ఫౌళ్లు అయిదు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరు అతనికి కొత్త పేరు పెట్టేసింది. నాలుగైదు. అసలు పేరు పోస్టుమ్యాన్‌కీ చర్చి ఫాదరుకీ తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఒద్దోనేకి రేవు దగ్గర చేపల కొట్టుంది. "ఏరా నాలుగైదూ, చేపలు తాజావేనా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "నాలుగైదు తాజావి, మిగతావి నిన్నటివి" అని నిజం చెప్పేసేవాడు. వ్యాపారం ఎలా సాగిందో ఊహించుకోవచ్చు.

ఆ రోజుల్లో బాస్కెట్‌బాల్‌లో ఒక నియమం ఉండేది. రిఫరీ విజిల్ ఊదగానే, ఫౌలు చేసినవాడు తనంతట తానే చెయ్యెత్తాలి. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఆ చేతిని చూసి లెక్క రాసుకునేవారు. అయిదు నిండితే మనిషి బయటికి పోవలసిందే. తర్వాత ఆ నియమాన్ని ఎత్తేశారు. ఒద్దోనేకి ఆ కబురు ఎవరూ చేరవేసినట్టు లేదు.

ఒకసారి కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఊదాడు. ఎర్రదీపం దాటి దూసుకుపోయింది స్కూటర్ మీద ఎవడో కుర్రాడు. కాలిబాట మీద ఐస్‌క్రీమ్ తింటున్న ఒద్దోనే చెయ్యెత్తాడు.

"నువ్వు నడుస్తున్నావు కదయ్యా," అన్నాడు పోలీసు.

"కొంచెం వేగంగానే నడిచాను."

కుర్రాడు కనుచూపు మేరలో లేడు. కాగితమేమో నింపాలి. ప్రభుత్వాలు ఇలాగే నడుస్తాయి కాబట్టి జరిమానా ఒద్దోనేకే పడింది.

అక్క ఇంట్లో కుక్కరు కూత వేసినా అంతే. టీవీ ముందు నుంచి చెయ్యి లేచేది. "దించరా బాబూ, శనగలు ఉడకడం కూడా నీ తప్పేనా?" అని ఆవిడ వంటింట్లోంచి అరిచేది. ఓ పెళ్లిలో చర్చి మెట్ల మీద ఎవడో పోకిరీ పెళ్లికూతుర్ని చూసి ఈల వేశాడు. ఎవడ్రా అది అని పెళ్లికూతురి మేనమామ తిరిగి చూసేసరికి గుంపులో ఒకే ఒక్క చెయ్యి లేచి ఉంది. చెంప వాచి, ఒద్దోనే రెండు రోజులు కొట్టు తెరవలేదు.

వీడికి బుర్ర తక్కువ అని ఊరు తేల్చేసింది. ఊళ్లకి అంతకంటే లోతుగా ఆలోచించే తీరికెక్కడిది.

పాతికేళ్ల పండుగ వచ్చింది. ఆ ఫైనల్ లెక్కలన్నీ స్టేడియం గోడ మీద పెద్దక్షరాలతో రాయమని క్లబ్బు వాళ్లు బోర్డులు రాసే అమ్మాయి నీవెస్‌కి పని అప్పజెప్పారు. క్లబ్బు ప్రెసిడెంటు ఎర్మేతె. ఆనాటి కెప్టెన్ అతనే. చివరి క్షణంలో బుట్టలో బంతి వేసి మిలాన్ జట్టు మీద ఒక్క పాయింటుతో గెలిపించిందీ అతనే. ఆ రోజు చేసిన ముప్ఫై ఒక్క పాయింట్ల మీదే ఇప్పటికీ బతుకుతున్నాడు. హోటల్లో బిల్లు కట్టడం మానేసి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

"పదకొండు వరసలు చాలు," అన్నాడు ఎర్మేతె. "నాలుగైదుగాడిది వదిలెయ్."

"ఆడింది పన్నెండు మంది కదా, ప్రెసిడెంటు గారూ."

"ఆ సున్నాలకి రంగు దండగ."

"సున్నాకి రంగు తక్కువే పడుతుందండీ. మధ్యంతా ఖాళీయేగా."

వరస వదిలేయడం నీవెస్‌కి మనసొప్పలేదు. మిగతా వీరులంతా బొజ్జలు ముందు నడుస్తుండగా వచ్చి, నావి ఆరు రీబౌండ్లు కాదు తొమ్మిది, నా పాసులు రెండు మింగేశారు అంటూ నిచ్చెన కింద గొడవపడ్డారు. ఏమీ అడగనిది ఒద్దోనే ఒక్కడే. మధ్యాహ్నం వేయించిన చేపలు పొట్లం కట్టి తెచ్చి, నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు.

మర్నాడు అందరిలోకీ పొడుగువాడైన ప్రీమో ఒంటరిగా వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నాకో ఫౌలు కలుపు. ఒద్దోనేకి ఒకటి తగ్గించు."

"ఇదేం బేరం?"

"మోచేత్తో పొడిచింది నేను. మా అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. నాకు సిగ్గేసి చెయ్యి లేవలేదు. వాడు ఎత్తేశాడు. జట్టు మొత్తం ఫౌళ్లు ఏమీ మారవులే, కింద వరసలోది పైకి, అంతే. ఎవరితోనూ అనకు."

సాయంత్రం లోపల ఇంకా ఇద్దరొచ్చారు. అదే గొంతు, అదే మాట, ఎవరితోనూ అనకు. ఒద్దోనే కాపాడింది తనొక్కణ్ణే అని ముగ్గురి నమ్మకం.

ఎర్మేతె వచ్చేసరికి నీవెస్ నిచ్చెన దిగలేదు. "మీవాళ్లు ముగ్గురు మూడు పట్టుకుపోయారండీ. ఇంకా రెండున్నాయి. మీకేమైనా కావాలా?"

ఎర్మేతె రంగు డబ్బా మీద కూలబడ్డాడు. డబ్బాకి మూత లేదు. అది కూడా గమనించలేదు.

"ఆఖరి నిమిషంలోది నాది," అన్నాడు. "నాకప్పటికే నాలుగున్నాయి."

"అయితే మీరు బయటికి..."

"నేను బయటికి, బుట్ట గాల్లోకి, కప్పు మిలాన్‌కి." లేచాడు. వెనకంతా నీలం. "వాడి వరస రాయి. నా పైన రాయి. ఎన్ని ఫౌళ్లు వెయ్యాలో వాణ్ణే అడుగు."

నీవెస్ చేపల కొట్టుకి వెళ్లింది.

"నీ ఫౌళ్లు నాలుగు, వాటి సొంతదారులు తీసుకెళ్లిపోయారు బాబాయ్. ఒక్కటే మిగిలింది. ఒకటి అని రాసెయ్యనా?"

ఒద్దోనే కత్తి పక్కన పెట్టాడు. "ఎవరిచ్చారు వాళ్లకి?"

"వాళ్లవేగా మరి."

"పాతికేళ్లు మోసింది నేనమ్మా. ఇప్పుడొచ్చి మాదంటే ఎట్లా? ఆ పట్టికలో నాకున్న అంకె అదొక్కటే. అదీ పీకేస్తే ఆ రోజు నేను ఆడినట్టు ఏముంది రుజువు? అయిదూ ఉండనీ. కాస్త లావుగా రాయి."

నీవెస్ లావుగానే రాసింది. ఎర్మేతె ముప్ఫై ఒకటి కంటే అదే దూరానికి కనిపిస్తుంది. మొన్న కొట్టు దగ్గర కలిసినప్పుడు, ఇన్నాళ్లూ నాలుక చివరే ఉన్న ప్రశ్న అడిగేసింది.

"ఆ మిగిలిన ఒక్క ఫౌలు అయినా నీదేనా బాబాయ్?"

ఒద్దోనే చుట్టూ చూసి దగ్గరికి వంగాడు.

"అది ఎవరిదీ కాదు. విజిల్ నోట్లో ఉండగా రిఫరీకి తుమ్మొచ్చింది. అంతమంది చూస్తున్నారు, పాపం, ఆయన పరువేం కావాలి?"