నలభై దాటని జీపు

మా నాన్న దమ్మపేటలో లెక్కల మాస్టారు. ఎనభైల్లో, ఏదో సర్కారు ఆఫీసు వేలం వేస్తే పాత జీపొకటి కొన్నాడు. నడపడంలో ఆయనకు ఒకటే నియమం: స్పీడోమీటరు ముల్లు నలభై దాటకూడదు.

చర్ల వైపు దారిలో రాళ్లు జీపు అడుగున కొట్టుకుంటున్నాయని ఒక వేసవిలో దానికి పెద్ద టైర్లు వేయించాడు. చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో చూసి వేగం చెప్పడమే ఆ మీటరు పని. చక్రం పెద్దదైందనీ, చుట్టుకు ఇదివరకటికంటే ఎక్కువ దూరం పోతున్నామనీ దానికెవరూ చెప్పలేదు. లెక్కల మాస్టారికీ తట్టలేదు. మీటరులో తిరిగే కిలోమీటర్ల లెక్కన భద్రాచలం కూడా మాకు కాస్త దగ్గరికి జరిగింది. "మలుపులు సరిచేసిండ్రు, దూరం తగ్గింది" అని నాన్న అందరికీ సంతోషంగా చెప్పేవాడు. మాకు మాత్రం పాత మలుపులన్నీ ఉన్నచోటే కనిపించేవి.

ఆ ఏడే చర్లలో బంధువుల పెళ్లికి బయల్దేరాం. ముందు సీట్లో అమ్మ నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. అమ్మ తమ్ముడు, మా మామయ్య, మోటారు సైకిల్ మీద మా వెనకే వచ్చాడు. టీ కొట్టు దగ్గర ఆగగానే నాన్న మీదికి వచ్చాడు.

"ఏంది బావా, గట్ల ఉరికిస్తున్నవ్? నిన్ను అందుకోనీకి నా బండి యాభై దాక పోయింది!"

"నీ మీటరు ఖరాబైంది. నేను నలభై దాటలే."

"అయితే కిలోమీటరు రాళ్లతో చూద్దాం."

చూశారు. పది రాళ్లు దాటేసరికి జీపు మీటరులో తొమ్మిది కిలోమీటర్లు కూడా తిరగలేదు. నాన్న దిగి, చివరి రాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"రాళ్లు దగ్గర దగ్గర పాతిండ్రు," అన్నాడు.

అమ్మ నిమ్మకాయ పక్కన పెట్టింది. "రాళ్ల సంగతి నాకు తెల్వదు. ముల్లు నలభై కాడుంటే నా కడుపులో ఎన్నడూ గిట్ల తిప్పలే."

చర్ల ఇంకా కొంత దూరం ఉందనగా, ఎప్పుడూ తిరిగే మలుపులోనే జీపు తిరగలేక జొన్న చేలో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముల్లు నలభై దగ్గరే ఉండిందని నాన్న మాకూ, పరుగెత్తుకొచ్చిన చేను ఆసామికీ చెప్పాడు. ఆసామి తలూపి, నలిగిన జొన్న వైపు చూశాడు. నాన్న గొంతు తగ్గించి, "తప్పయింది" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

అందరం కలిసి జీపును రోడ్డు మీదికి నెట్టాం. మోటారు సైకిలంటేనే హడలిపోయే అమ్మ, పట్టుచీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని, "పద తమ్మీ" అంటూ మామయ్య వెనక ఎక్కింది. నాన్న దారంతా వాళ్ల వెనకే మెల్లగా నడిపాడు. ముందు అద్దంలోంచి అమ్మ వీపునే చూస్తున్న ఆయన ముఖం చూసి నాకు నవ్వూ, జాలీ కలిసి వచ్చాయి.

టైర్లు మార్చలేదు. మీటరు తప్పని ఒప్పుకోనూ లేదు. తిరుగు ప్రయాణంలో అమ్మ కోసం జీపు తలుపు తీసి పట్టుకుని, "కళ్లు కొంచెం మసకైతున్నయ్. ఇగ ముప్పై అయిదు దాటను" అన్నాడు.

అమ్మ ఎక్కి కూర్చుంది.