ఆరు వారాల చపాతీలు

హాస్టల్ వార్డెన్ కొలువంటే సగం అనుమానమే. ఆడపిల్లల హాస్టళ్లల్ల ఏండ్లకేండ్లు చేసిన. తలనొప్పి అన్నదంటే ఆ రోజు లెక్కల పరీక్ష ఉన్నట్టు, కాలునొప్పి అన్నదంటే ఆవరణ ఊడ్చే వంతు దానిదైనట్టు. నాకెవరూ చెప్పక్కర్లేదు, మొఖం చూస్తే తెలుస్తదని నా ధీమా. మా కల్లూరు దిక్కు నన్నెరిగినోళ్లు "నువ్వు పోలీసువి కావాల్సిన మనిషివి" అంటుంటే మురిసిపోయేదాన్ని.

దుమ్ముగూడెం దాటి అడవి మొదలయ్యేకాడ ఉంటది ఆ హాస్టలు. ఆఫీసు గదిల ఒక సిక్ రిజిస్టరు పెట్టిన. ఒంట్ల బాగలేని పిల్ల పేరు, తేది, బాధేంది, పక్కన నా రిమార్కు. మందిస్తే మందు పేరు రాస్త. దొంగజబ్బు అనిపిస్తే ఎర్ర పెన్నుతోటి 'సాకు' అని రాస్త. ఆ ఎర్ర పెన్ను నా టేబుల్ మీద ఎప్పుడూ మూత తీసే ఉండేది.

అడవి లోపలి ఊరి నుంచి ఒక పిల్ల ఎనిమిదో తరగతిల చేరింది. మాట తక్కువ. చేరిన రెండు నెలలకే కడుపునొప్పి మొదలైంది. కడుపుబ్బరం, విరేచనాలు, నోట్లె పుండ్లు, ఏడాదంత ఏదో ఒకటి. ఇప్పపువ్వు రాలే దినాలు వచ్చేసరికి ఇంకా ఎక్కువైంది. వాళ్ల నాయిన వచ్చి తోలుకపోయిండు. "ఇంటికాడ మంచిగనే ఉంటది మేడం, ఈడికొస్తెనే గిట్లయితది" అన్నడు పాపం, ఉన్నది ఉన్నట్టు. నాకు మాత్రం ఆ మాటల అర్థం వేరేగ తోచింది.

పదిహేను రోజులకు మీటింగుకని ఆ దారిల బస్సుల పోతున్న. కిటికీలకెళ్లి చూస్తే ఏముంది! ఈ పిల్ల చెట్టుకింద గంప పెట్టుకొని ఇప్పపువ్వు ఏరుకుంట పకపకా నవ్వుతున్నది. నా ఒళ్లు మండింది. నా చెవుల పువ్వులు పెడుతున్నరా తండ్రీబిడ్డలు అనుకున్న. ఇప్పపువ్వు ఏరుడు అయిపోతే బీడీల తునికాకు కోసుడు, అదయితే ఎండకాలం సెలవులు, పనికి తోలుకపోనీకే ఈ జబ్బు. హాస్టలుకు వచ్చినంక పాత పేజీలు తిరగేసి, నేను బిళ్లలిచ్చిన రోజుల పక్కన గూడ 'సాకు' అని రాసిన.

జూన్‌ల బడి తెరిచినంక పిల్ల బుగ్గలు నిండి వచ్చింది. రెండు నెలలు కడుపునొప్పి ఊసే లేదు. మా వంటామెను పిలిచి, "చూసినవా అక్కా, అడివిల పని అయిపోయింది, జబ్బు గూడ అయిపోయింది" అన్న. ఆమె ఏదో అనబోయి ఊకున్నది. ఈమె గూడ ఆ పిల్ల దిక్కేనని ఆమె మీద గూడ ఒక కన్నేసిన.

ఆగస్టు పదిహేను నాడు జెండా ఎగరేసి అందరికీ పూరీలు పెట్టినం. పిల్ల ప్లేటు ముట్టుకోకుండ కూసున్నది. "పండుగ పూట ఈ అలకేందే? తిను" అని పక్కన నిలబడి తినిపించిన, మూడు పూరీలు. మధ్యాహ్నానికి మెలికలు తిరిగిపోయింది. మొఖం తెల్లగ పాలిపోయింది. ఈసారి నాకు గూడ భయమై ఆటో కట్టించుకొని భద్రాచలం దవాఖానాకు తీసుకపోయిన.

డాక్టరు కండ్లు చూసిండు, నాలుక చూసిండు, రక్తం తక్కువున్నదన్నడు. ఏం తిన్నదని అడిగి, కొందరికి గోధుమ పడదు, పేగు లోపల పాడయితది, ఆ జబ్బేమో చూద్దామన్నడు. గోధుమ పడకపోవుడేంది, దేశమంత తింటలేదా అని నాకు నవ్వొచ్చింది. "రోజూ గోధుమ తింటున్నదా?" అని ఆయన పిల్లనే అడిగిండు. పిల్ల నోరు తెరిచింది. అది చెప్పేలోపే నేనందుకొని, "తింటది సార్. పొద్దున రవ్వ ఉప్మా, రాత్రి చపాతీ, అంత మెనూ ప్రకారమే" అన్న. పిల్ల నోరు మూసుకున్నది.

రక్తం ఖమ్మం పంపిచ్చిండ్రు. వారానికి కాయితం వచ్చింది. అట్లాంటి జబ్బేం లేదట. నేను ఆ కాయితం పట్టుకొని ప్రార్థన లైన్ల అందరి ముందర చదివిన. "దవాఖానా గూడ చెప్పింది. ఇగ నుంచి నాటకాలు బంద్" అన్న. పిల్ల ఏడ్వలే, తల గూడ వంచలే. నా దిక్కే చూసుకుంట నిలబడ్డది. ఎంత మొండితనమో అనుకున్న.

ఆ రోజే వంటామె ఆఫీసు గదిలకొచ్చి తలుపు దగ్గరికేసింది. "మేడం, తిట్టినా సరే, ఒక మాట. ఆ పిల్ల జూన్ సంది చపాతీ ముట్టలే. పక్క పిల్లకిచ్చి దాని అన్నం తీసుకుంటది. ఉప్మా నాడు పొద్దున ఏం తినదు. మీరు నిలబడి తినిపించిన పూరీలే తిన్నది" అన్నది. నేను నమ్మలే. నాలుగు రోజులు వంటగది కిటికీ పక్కన నిలబడి నా కండ్లతోటి నేనే చూసిన. నిజమే. చపాతీ అటు పోతున్నది, అన్నం ఇటు వస్తున్నది.

పిలిచి అడిగిన. "ఎవరు చెప్పిండ్రే నీకు గోధుమ మానుమని?"

"ఎవరూ చెప్పలే మేడం. ఇంటికాడ అన్నం, జొన్న గటక. గోధుమ ఉండదు, నొప్పి ఉండదు. ఈడ చపాతీ తిన్న మర్నాడే నొప్పి. చూసుకుంట చూసుకుంట తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే సాకు అని రాస్తరు గద."

ఇగ ఆగలేక, వాళ్ల నాయినను గూడ పిలిపించి, ముగ్గురం ఖమ్మం పోయి కడుపు డాక్టరమ్మను కలిసినం. దారిల టేకులపల్లి కాడ బస్సాగితే పల్లీలు కొనిచ్చిన. పిల్ల తీసుకొని ఒడిల పెట్టుకున్నది, నేను చూసినంతసేపు తినలే.

డాక్టరమ్మ విని తల పట్టుకున్నది. "నెలల తరబడి గోధుమ మానేసినంక రక్తం తీస్తే అందులో ఏం కనపడ్తదమ్మా? మూడు పూరీలతోటి జబ్బు బయటపడదు" అన్నది. ఖాయంగ తెలవాలంటే పిల్ల మళ్ల ఆరు వారాలు రోజూ గోధుమ తినాలె, అప్పుడు పరీక్ష చెయ్యాలె. డబ్బుల కోసం తిప్పుతున్నదా ఈమె అని నాకు అప్పుడు గూడ అనుమానమే. "ఊకె గోధుమ మానేస్తే సరిపోదా?" అని అడిగిన. "మానొచ్చు. కానీ అదో కాదో తెలవకుండ జన్మంత ఎట్ల మానుతది? అదే అయితే ఇంట్ల తమ్ముళ్లకు, చెల్లెండ్లకు గూడ పరీక్ష చెయ్యాలె. పైగా రేపు ఇంకో హాస్టలుకు పోతది. కాయితం లేకపోతే ఎవరు నమ్ముతరు?" అన్నది. ఆడ గూడ నాలాంటి వార్డెనే ఉంటదని నాకు తెలుసు. వాళ్ల నాయిన బిడ్డ దిక్కు చూసిండు. "తింట" అన్నది పిల్ల.

నేనే ఎదురుంగ కూసొని తినిపించిన. రోజూ రెండు చపాతీలు. ముందు నమ్మక కూసునేదాన్ని, తర్వాత చూడలేకపోయినా కూసున్న. రెండో వారానికి కడుపుబ్బింది. మూడో వారానికి నోట్లె పుండ్లు లేచి చపాతీని పప్పుల నానబెట్టుకొని మింగింది. ఐదో వారం బడి మెట్లెక్కలేక కూలబడితే నేను ఏడ్చిన, సిగ్గుపడకుండనే చెప్తున్న. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, భరించలేకపోతే ఆపెయ్యమన్నది.

"ఆపేద్దాం బిడ్డా. నేను నమ్మిన. కాయితం లేకున్నా నమ్మిన" అన్న.

పిల్ల చపాతీ ముక్క తుంచుకుంట, "ఇంక పన్నెండు రోజులే మేడం. ఇప్పుడు ఆపితే మళ్ల అబద్ధమైతది" అన్నది.

పన్నెండు రోజులూ తిన్నది. రక్తంల జబ్బు కనపడ్డది. ఖమ్మంల గొట్టమేసి పేగు గూడ చూసి ఖాయమన్నరు. ఆ రోజు నుంచి దాని వంట వేరే గిన్నెల, వేరే గరిటెతోటి. ప్రార్థన లైన్ల ఆ కాయితం గూడ చదివి, తప్పు నాదేనని అందరి ముందర చెప్పిన. అయిపోయిందనుకున్న.

పిల్ల మాత్రం ఆఫీసు గదిలకొచ్చి నిలబడ్డది. "మేడం, ఆ బుక్కు తీయండి" అన్నది.

సిక్ రిజిస్టరు తీసిన. ఎర్ర పెన్నుతోటి రాసింది ఎర్ర పెన్నుతోటే కొట్టేసుకుంట పోయిన, ప్రతి దాని పక్కన 'నిజం' అని రాసి సంతకం పెట్టిన. తల కొట్టేసినట్టుండె. చివరికి బుక్కు మూసి, "అన్నీ కొట్టేసినమ్మా" అన్న.

ఆ పిల్ల బుక్కు తన దిక్కు తిప్పుకొని మొదటి పేజీ నుంచి చూసుకుంట వచ్చింది. ఒక్కొక్క తేది మీద వేలు పెట్టి చూసింది. ఒకకాడ కొట్టెయ్యని 'సాకు' మీద వేలాగింది.

"ఇంకోటి ఉంది మేడం" అన్నది.