తలుపు పెట్టుకున్న పిల్ల

2023 వానాకాలం. నాట్లు అయిపోయి, బాన్సువాడ బస్టాండ్ దగ్గరున్న మా క్లినిక్‌కు మళ్లీ జనం రావడం మొదలైన రోజులు. నాట్లప్పుడు మా చుట్టుపక్కల ఎవరికీ రోగాలు రావు. నడుము విరిగేలా నొచ్చినా ఆఖరి మడి నాటేదాకా ఎవరూ దవాఖాన గడప తొక్కరు. పని తీరాక అందరికీ ఒకేసారి అన్నీ నొస్తాయి. నేను అక్కడ స్టాఫ్ నర్సును. మాది పిట్లం. హైదరాబాదులో పెద్దాసుపత్రిలో కొన్నేళ్లు చేసి, పెళ్లయ్యాక ఇటు వచ్చాను. వచ్చిన ప్రతి మనిషీ ముందు నా బల్ల దగ్గర కూర్చోవాలి. బీపీ, నాడి, జ్వరం, బరువు చూసి, ఏమైందో నాలుగు మాటలడిగి డాక్టర్ గారి దగ్గరికి పంపుతాను. ఆ చూసేవాటిని మేం వైటల్స్ అంటాం. ఆ అడిగే నాలుగు మాటలకు మాత్రం ఏ పేరూ లేదు గానీ, నా ఉద్యోగంలో సగం అదే.

ఆ రోజు చీటీ మీద పేరు చూసి వరండాలోకి తొంగి "ఈడా!" అని గట్టిగా పిలిచాను. ముగ్గురు లేచారు. ఒక పెద్దాయన "ఈడ్నేనా సిస్టరమ్మా?" అంటూ వచ్చి నా స్టూలు మీద కూర్చునేశాడు. మరొకాయన "ఏడ కూసోవాలె?" అని గోడవారగా నిలబడ్డాడు. నేను వాళ్లను సర్దేలోపు వెనక నుంచి ఒక తెల్లపిల్ల చెయ్యెత్తింది. ఇరవై ఏళ్లుంటాయి. పంజాబీ డ్రెస్సు, చేతికి ఎర్ర దారం, రెండు జడలు. ఆ జడలు ఎవరో గట్టిగా బిగించి అల్లినట్టు తెలుస్తూనే ఉంది.

బిగించిన మనిషి పక్కనే ఉంది. పేరు గంగమణి. నస్రుల్లాబాద్ దగ్గరి పల్లె. యాభై దాటిన మనిషి, వరి, చెరుకు పండించే ఇల్లు.

"గా పిల్ల పేరే గంత సిస్టరమ్మా," అంది. "వచ్చిన్నాడు నీ పేరేంది బిడ్డా అంటే 'ఈడా' అన్నది. ఈడ గాదే, పేరు, పేరు అని నేనంట. మల్ల 'ఈడా' అంటది. ఇగ మేం ఇందిర అని పెట్టుకున్నం."

ఈడాది డెన్మార్క్. అక్కడ వ్యవసాయం చదువుతోంది. ఇక్కడి వరి సాగు దగ్గరుండి చూడాలని ఒక పంటకాలం కోసం వచ్చింది. పొద్దున బస్సెక్కి రుద్రూర్ పరిశోధన కేంద్రానికి పోవడం, సాయంత్రం గంగమణి ఇంటికి చేరడం. ఇలా చదువుకోవడానికి వచ్చిన పిల్లలను తమ ఇంట్లో ఉంచుకుని ఇంటి పిల్లల్లా చూసుకునేవాళ్లను హోస్ట్ ఫ్యామిలీ అంటారు. ఇంటి పిల్లలా చూసుకోవడంలో గంగమణికి ఎవరూ వంక పెట్టలేరని ఆ జడలు చూస్తేనే నాకు తెలిసింది.

"తల్కాయ నొస్తుంది," అంది ఈడా, అచ్చం మా మాటలోనే. నాకు నవ్వొచ్చింది, ముద్దొచ్చింది కూడా. బీపీ బాగుంది, జ్వరం లేదు. డాక్టర్ గారు మాత్రలు రాశారు.

కొన్నాళ్లకే మళ్లీ వచ్చారు. ఆ తర్వాత మళ్లీ. రక్త పరీక్ష చేయించాం, కళ్లు చూపించమన్నాం. అన్నీ నార్మల్. తలనొప్పి మాత్రం తగ్గలేదు. కళ్ల కింద నల్లగా వచ్చింది. వచ్చినప్పుడల్లా కాసేపు అబ్జర్వేషన్ బెడ్ మీద పడుకోబెట్టేవాళ్లం. అంటే పెద్దగా ఏమీ కాదు, మూలకు ఒక మంచం, దాని చుట్టూ పచ్చ తెర. ఇంటికి పంపాలా, ఉంచాలా అన్నది తేలేదాకా మనిషిని అక్కడ ఉంచి గమనిస్తాం. ఒకసారి చూసిపోదామని తెర పక్కకు లాగాను. ఈడా నిద్రపోలేదు. ఫ్యాను వంక చూస్తూ హాయిగా పడుకుని ఉంది. ముఖంలో నొప్పి ఛాయ కూడా లేదు. నన్ను చూడగానే ఆ ముఖం వాడిపోయింది. వెంటనే తేరుకుని నవ్వింది, మర్యాదస్తురాలు. నేను గాబరాగా తెర మూసి వచ్చేశాను గానీ, ఈ పిల్ల మా దగ్గరికి మందు కోసం రావడం లేదనే అనుమానం అప్పుడు పడింది.

నాలుగోసారి వచ్చినప్పుడు గంగమణి ఏడుస్తూ వచ్చింది.

"పిల్లను మా ఇంట్ల పెట్టిన మేడం పట్నంకెల్లి ఫోన్ చేసింది సిస్టరమ్మా. నొప్పి తగ్గకుంటే వచ్చే వారం పిల్లను తీస్కపోయి హాస్టల్ల ఏస్తరంట. కోతలు గూడ సూడకుండనే వాళ్ల దేశం పంపుతరంట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పిల్లను సక్కగ సూస్కోలేదని ఊరు ఏమన్న అననీ, ఊరి సంగతి ఇడిసిపెట్టు. గా పిల్ల పోతే నా పానం ఆగదు. నేనేం తక్కువ జేసిన? కడుపుల పెట్టుకొని సూస్తున్న."

డాక్టర్ గారు నిజామాబాద్‌లో స్కాన్ తీయిద్దామా అని ఆలోచిస్తున్నారు. "తలలో ఏమీ ఉండదనే నా నమ్మకం," అని నాతో అన్నారు. "స్కాన్ దాకా పోయేముందు నువ్వొకసారి మాట్లాడు. ఆడవాళ్లతో చెప్పేవి నాతో చెప్పరు." గంగమణిని వరండాలో కూర్చోబెట్టమంటే ఆమె ససేమిరా అంది. అసలు సంగతి తన కళ్లతో చూసింది తానే కదా.

"సక్కగ లేదని నాకు ముందే అనుమానం," అంది గొంతు తగ్గించి. "ఓ దినం పగటీలి అర్రల బోయి తలుపు పెట్టుకున్నది."

"పెట్టుకుంటే?"

"పెట్టుకుంటేనా? పట్టపగలు ఆడపిల్ల తలుపు పెట్టుకుంటే బుగులు గాదా? నేను కొడుతున్న, మా కోడలు కొడుతుంది, వాడకట్టంత జమైన్రు. మా ఆయన గడ్డపార తెచ్చిండు. గప్పుడు తీసింది తలుపు. చేతిల పుస్తకం ఉన్నది. పుస్తకం సదువుతున్ననన్నది! నేను కావలించుకొని ఏడ్సిన. గప్పటిసంది రాత్రి గూడ నేను, మా కోడలు దాని పక్కనే పండుకుంటున్నం. ఒక్కదాన్ని ఇడిసిపెడుతలేం."

ఆమెకు చాయ్ తెప్పించి బలవంతాన బయట కూర్చోబెట్టి, ఈడాను అడిగాను. నా ఇంగ్లీషు ఆసుపత్రి ఇంగ్లీషు, అయినా సరిపోయింది. మొదట ఏమీ లేదంది. అందరూ చాలా మంచివాళ్లు అంది. తర్వాత ఒక్కసారిగా కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకం తీస్తే, పాపం ఒక్కతే ఉందని ఎవరో ఒకరు వచ్చి మంచం మీద కూర్చుంటారు. కాలువ గట్టు మీద నడుద్దామంటే తోడు పంపుతారు. స్నానానికి పోతే తలుపు బయట నిలబడి "నీళ్లు సరిపోయినయా ఇందిరా?" అని అడుగుతారు. తను ఉండే గదిలోనే బియ్యం బస్తాలు, బీరువా, కాబట్టి రోజంతా ఎవరో ఒకరు వస్తూ పోతూనే ఉంటారు. "నాకు వాళ్లంటే చాలా ఇష్టం," అంది. "నేను పోనని చెప్పండి. రోజుకు కాసేపు, ఒక్క కాసేపు, నన్ను నేనుగా ఉండనిస్తే చాలు. ఈ మాట గంగమణి అవ్వతో ఎలా చెప్పాలో తెలియడం లేదు. చెబితే ఏడుస్తుంది."

చెప్పడం ఎంతసేపు అనుకుని గంగమణిని లోపలికి పిలిచాను.

"అక్కా, పిల్లకు రోగం లేదు. రోజూ కాసేపు ఒంటరిగా ఉండాలంటోంది, అంతే."

గంగమణి నిజంగానే ఏడ్చేసింది. "ఒంటరిగనా? మేమంత సచ్చినమా సిస్టరమ్మా? ఎవరూ లేనోళ్లు ఉంటరు ఒంటరిగ."

తప్పు నాదే, మాట సరిగా పడలేదు అనుకుని మార్చాను. "అట్ల కాదక్కా. ఏకాంతం. కొంచెం ఏకాంతం కావాలంట."

ఏడుపు టక్కున ఆగిపోయింది. కళ్లు చిన్నవయ్యాయి. "ఏకాంతమా? ఎవడన్న ఉన్నడా?"

"అయ్యో, ఎవడూ లేడు. ప్రైవసీ అంటారు చూడు, అది."

"ప్రైవేటు దవాఖానకే గదా తెచ్చిన."

ఈడా మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. నాకు చెమట పట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలో ఇంత చిన్న సంగతికి మాట దొరకదా అని చిరాకేసింది. ఒంటరితనం అంటే దిక్కులేనితనం. ఏకాంతం మొగుడూ పెళ్లాలది, లేకపోతే దేవుడిది. ఏ లోటూ లేకుండా, ఎవరి మీదా అలగకుండా, ఒక మనిషి ఊరికే ఒక్కతే కూర్చోవాలనుకుంటే దాన్ని ఏమనాలి?

ఇంతలో గంగమణి గోడ గడియారం చూసి గాబరాగా లేచింది. "బస్సు పోతది. పాలు పిండాలె."

"మీ కోడలు పిండదా అక్కా?"

"మా బర్రె మందిని జూస్తే సేపది. గమ్మున నేనొక్కదాన్నే కొట్టంలకు బోవాలె. అవుతల పిల్లలు లొల్లి జేసినా సుక్క ఇడువది."

మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. దూడ మూతి పెట్టాకో, చేత్తో నిమిరాకో బర్రె పొదుగులోకి పాలు దింపడమే చేపడం. దింపకపోతే ఎంత పిండినా రావు.

"మంచి బర్రే కదా?" అన్నాను.

"బంగారమసుంటిది."

"నీ మీద కోపమా దానికి?"

"దానికి నా మీద కోపమెందుకు? దాని గుణం గంతే..." అంటూ ఆగిపోయింది. ఈడా వంక చూసింది. నా వంక చూసింది. మళ్లీ ఈడా వంక చాలాసేపు చూసింది. "గీ పిల్లగూడ గంతేనా?"

"గంతే అక్కా."

"ఓసి నీ..." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఏమైందని ఈడా అడిగితే, నిన్ను బర్రెతో పోల్చింది అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఈడా పకపకా నవ్వి, తన తాతకు ఆవులుండేవని, పాలు పిండేటప్పుడు తననూ కొట్టంలోకి రానిచ్చేవాడు కాదని చెప్పింది. ఆ మాట గంగమణికి చెప్పాను. "గట్ల జెప్పు మరి," అంది ఆమె, ఇన్నాళ్లకు ఆ దేశంలోనూ మనుషులున్నారని తెలిసినట్టు.

బియ్యం బస్తాలు, బీరువా వేరే అర్రలోకి మారాయి. తలుపుకు కొత్త గొళ్లెం వేయించారు. రుద్రూర్ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, ఈడా కాసేపు తలుపు పెట్టుకునేది. గంగమణి ఆ తలుపు ముందే పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతూ కాపలా కూర్చునేదట. పిల్లకు పెయ్యి మంచిగ లేదా, జరమా అని వాడకట్టు ఆడవాళ్లు ఆరా తీస్తే "పెయ్యి మంచిగనే ఉన్నది. ఉట్టిగ ఉన్నది. మీరు జర మెల్లగ మాట్లాడున్రి," అని కసిరేదట. మొదటి రెండు మూడు రోజులు తలుపుకు చెవి ఆనించి విన్నానని కూడా నాతో ఒప్పుకుంది.

తలనొప్పి పోయింది. పట్నం మేడం ఫోన్లు ఆగాయి. గంగమణిని ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. "తలుపు తీసుకొని తనంతట తనే వస్తది సిస్టరమ్మా. వచ్చి నా పక్కన కూసొని జొన్నరొట్టె నేర్పియ్యమంటది. ఒక్కటే ముచ్చట్లు. మునుపు నేనడిగితేనే మాట్లాడేది." కోతలు కూడా చూసే ఈడా వెళ్లింది. వెళ్లేముందు క్లినిక్‌కు వచ్చి నాకు చెయ్యి కలపబోయి, ఆగి, కావలించుకుంది. నేను ఏడవలేదని చెబితే మా ఆయాకు నవ్వొస్తుంది.

మరుసటి ఎండాకాలం గంగమణి బీపీ చూపించుకోవడానికి వచ్చింది. ఇందిర వారం వారం ఫోన్ చేస్తుందని, వాళ్ల ఊళ్లో ఇంకా చలేనని చెబుతుందని చెప్పింది. పట్టీ చేతికి చుడుతూ మాటవరసకు అడిగాను.

"ఆ అర్రలో మళ్లీ బస్తాలు పెట్టారా అక్కా?"

"లేదు." వరండాలో ఎవరైనా వింటున్నారేమోనని చూసింది. "నేనే బోయి కూసుంటున్న."

"గొళ్లెం పెట్టుకునా?"

"ఆ." సిగ్గుపడింది. "మా కోడలు నవ్వుతది. ఏం జేస్తవత్తా లోపట అంటది. ఏం జెయ్య. ఉట్టిగ కూసుంట. పెండ్లై వచ్చినకాడికెల్లి గా ఇంట్ల నేనొక్కదాన్నే లోపట ఉండి తలుపు మూసింది లేదు సిస్టరమ్మా."

నేను ఆమె చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టడం మరిచిపోయి కూర్చున్నాను.

ఆ పరాయి దేశం పిల్ల కోసం తెలుగులో మాట వెతుక్కుంటూ నానా అవస్థా పడ్డాను గానీ, ఆ మాట కావలసినవాళ్లు ఏళ్ల తరబడి నా ఎదురుగానే వరసలో కూర్చుంటున్నారని నాకు తట్టలేదు. ఇప్పుడు తలనొప్పి అంటూ వచ్చిన ఆడవాళ్లను, పరీక్షలన్నీ నార్మల్ అని తేలాక, ఇంకో మాట కూడా అడుగుతాను. "ఇంట్ల నువ్వు జరసేపు ఉట్టిగ కూసునే జాగ ఉన్నదా అక్కా?" చాలామంది నవ్వేసి, జాగ ఎక్కడిది సిస్టరమ్మా అంటారు. కొందరు నవ్వరు. నేలచూపులు చూస్తూ, ఎవరో తమను మొదటిసారి ఈ సంగతి అడిగినట్టు, చాలాసేపు ఆలోచిస్తారు.