తాటాకు ముట్టనన్న లక్ష్ముడు

శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో చుట్టిల్లు కప్పాలంటే లక్ష్ముడే రావాలి. ముప్ఫై ఏళ్లుగా ఆయనదే ఆ పని. గుండ్రటి మట్టిగోడకు మూలలుండవు కాబట్టి తుఫాను గాలి పట్టు దొరక్క చుట్టూ తిరిగి పోతుంది. తాటాకు చూరు బాగా కిందికి దించితే ఎండ గోడను తాకదు. ఇవన్నీ తెలిసిన మనిషి, తన వంతు వచ్చేసరికి శ్లాబు వేయించుకున్నాడు.

గృహప్రవేశం రోజున అందరూ వింటుండగా, ఇక జన్మలో తాటాకు ముట్టనని, తన గుమ్మంలో ఎవరూ తల వంచక్కర్లేదని ప్రకటించాడు. చేపల పులుసు బాగా కుదిరింది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. భార్య లక్ష్మణమ్మ మాత్రం పెరట్లోని పాత చుట్టింటిని కూల్చనివ్వలేదు. వంటకు కావాలంది.

ఏప్రిల్ వచ్చింది. శ్లాబు పొద్దుటి నుంచి ఎండ తాగి, మధ్యాహ్నానికి దాన్ని ఇంట్లోకి వదలసాగింది. ఫ్యాను ఆ వేడినే తెచ్చి మొహాన కొట్టేది. సముద్రం వైపు కిటికీ ఉంటే కొంత నయం. ఇసుక పడి, అరసవల్లిలో కొన్న టైల్సు పాడవుతాయని ఆ కిటికీ వద్దన్నది లక్ష్ముడే. టైల్సు మెరుస్తున్నాయి. వాటి మీద యజమాని తడిగుడ్డ కప్పుకొని పడి ఉన్నాడు. ఆ ఇంటిని లక్ష్మణమ్మ మెచ్చుకున్నది ఒక్కసారే, శ్లాబు మీద ఆరబోసిన చేపలు ఒకరోజు ముందే ఎండినప్పుడు.

ఆమె భోజనం కాగానే చుట్టింట్లోకి పోయి గడియ పెట్టుకునేది. ఒక మధ్యాహ్నం లక్ష్ముడు తలుపు తట్టాడు. అన్నం మిగల్లేదంది. అన్నం కోసం కాదు, కాసేపు నడుం వాలుస్తానన్నాడు.

"ఆకు కుళ్లిపోనాది. వానలొస్తే పొయ్యిలో నీళ్లే. మళ్లీ కప్పు, అప్పుడు రా."

"నలుగురిలో మాటన్నాను కదే."

"అయితే ఆ నలుగురిళ్లకీ పోయి పడుకో."

శ్లాబు మీద తడి గోనెలు పరిచాడు. అరగంటలో ఆరిపోయాయి. వలలు బాగుచేసే వాళ్ల పాకలో చాప వేశాడు. కొత్త ఇంటికి కాపలా ఎవరని వాళ్లు మాటిమాటికీ అడగడంతో అక్కడా కునుకు పట్టలేదు. రెండు రోజుల తర్వాత బండెడు తాటాకు దించుకొని చుట్టింటి మీదికెక్కాడు.

కింద నుంచి వలలు బాగుచేసే ధనరాజు చూశాడు. "ఆకు ముట్టనన్నావు కదేటి బావా?"

"ఇది ఇల్లు కాదెహె, వంటగది."

"వంటగదికి ఇంత సోకేటి?"

లక్ష్ముడు ఇంకో ఆకు అందుకున్నాడు. చేయి పడ్డాక పనిలో లోపం చేయడం ఆయనకు రాదు. పాత చూరు కన్నా జానెడు కిందికి దించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పని ముగించి, చాప చంకన పెట్టుకొని లోపలికి నడిచాడు. కొన్ని నెలలుగా కొత్తింట్లో నిటారుగా గుమ్మం దాటిన అలవాటు. తాను దించిన చూరే నుదుటికి టక్కున తగిలింది.

"వంగి రా," అంది లక్ష్మణమ్మ, లోపలి చల్లదనంలోంచి.

వంగాడు.