నుదుటి మీద సింహం

నిరుడు ఎండాకాలంలో నా నుదుటికి ఎడమపక్క అక్కి పొక్కులు లేచాయి. మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. మా అత్త కుండలు చేసే పెద్దాయన్ని పిలిపించి, పొక్కుల మీద ఎర్రమట్టితో సింహం బొమ్మ గీయించింది. సింహానికి భయపడి అక్కి పారిపోతుందని మా నమ్మకం.

అక్కి పోలేదు. ఎడమ కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయాను. కర్నూలులో కంటి డాక్టరమ్మ ముందు నుదుటి మీదికి కప్పుకున్న కొంగు తీయగానే గదిలో అందరూ నా నుదుటినే చూశారు. నర్సు తడిగుడ్డతో సింహాన్ని తుడిచేసింది.

"అక్కి వైరస్సు వల్ల కంటి లోపల వాపు వచ్చిండాది. ఇంకా ఆలస్యం చేసింటే చూపు పోయేదమ్మా" అంది డాక్టరమ్మ.

మందులతో చూపు దక్కింది. మా అత్త మాత్రం ఇప్పటికీ అంటుంది: "రెప్ప మీద గూడా గీయప్పా అని ఆ పొద్దే మొత్తుకుంటి. ఆడ సింహం లేకపాయె, అక్కి కంట్లోకి దూరె."