చెయ్యందినంత ఎత్తు

పోటు వచ్చేదాకా ఫెర్రీ రెండు గంటలు ఆగింది. మసీరా ద్వీపానికి వెళ్లాలంటే అంతే, నీళ్లు లేస్తేగానీ పడవ కదలదు. పోచన్న మాత్రం తొందరపడలేదు. సున్నంతో పనిచేసేవాడికి ఆగడం కొత్త కాదు.

జగిత్యాల దగ్గర పల్లెలో సున్నపు గానుగ పక్కనే పెరిగిన మనిషి. ఇరవయ్యారేళ్లుగా ఒమన్‌లో పాత ఇళ్లకు గచ్చు చేస్తున్నాడు. సిమెంటు పని ఎవరైనా చేస్తారని ఆయన ధీమా. కాల్చిన మట్టిని దంచి సున్నంలో కలిపే ఇక్కడి సారూజ్ పనికి మాత్రం వాదీ కబీర్ అనే పేటలో ఆయన రూమ్ వెతుక్కుంటూ రావాల్సిందే. మన వైపు కరక్కాయ నీళ్లూ బెల్లమూ పోసి నూరే డంగుసున్నానికీ దీనికీ చుట్టరికం ఉందంటాడు. ఉండే ఉంటుంది. సముద్రానికి అటూ ఇటూ గవ్వల్నీ రాళ్లనీ కాల్చిన మనుషులు ఒకరి పని ఒకరు చూడకుండా ఉంటారా! సరే, అది పెద్ద కథ.

ద్వీపంలో రేవుకెదురుగా ఒకప్పటి ఖర్జూరాల వ్యాపారి మేడ ఉంది. గోను తుఫాను వచ్చిపోయాక వజీర్ అనే ఆయన దాన్ని కొని, పన్నెండు గదుల హోటలుగా మార్చాడు. లోపలి గోడలన్నీ పోచన్న చేతివే. ఏడాది తిరక్కుండానే సముద్రం వైపు గది గోడ పొక్కులెత్తింది. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, మొత్తం చెక్కేసి సిమెంటు కొట్టాలన్నాడు. శనివారం పనివాళ్లు దిగుతారు. ఒక గోడ చెక్కితే మిగతావీ చెక్కుతారు. ఆ తర్వాత ఈ దేశంలో ఇంకెవరూ పాత ఇల్లు పోచన్న చేతికివ్వరు. గురువారం ఆయన ఫెర్రీ ఎక్కింది అందుకే.

"ఉస్తాద్, ఆ గదిలోనే ఉండు. నువ్వు నా అతిథివి," అన్నాడు వజీర్, గల్ఫులో అందరూ మాట్లాడే హిందీలో. "రేపు జుమ్మా నమాజయ్యాక తేల్చి చెప్పు. తప్పు గోడదా, నీదా?"

"నాదైతే సుత్తె నేనే పట్టుకుంట, అర్బాబ్," అన్నాడు పోచన్న. యజమానిని అక్కడ అలాగే పిలుస్తారు.

ఎన్నో హోటళ్ల గోడలు నునుపు చేశాడుగానీ, ఒక్కదాంట్లోనూ గెస్టుగా పడుకున్నవాడు కాదు. నాలుగు స్తంభాల పందిరిమంచం, కిటికీ తెరిస్తే సముద్రం, భోజనానికి వేయించిన వంజరం ముక్కలు. వీటన్నిటినీ హక్కున్నవాడిలాగే అనుభవించి, సాయంత్రం ఏటవాలు ఎండలో గోడ ముందు బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

నేల దగ్గర గచ్చు చెక్కుచెదరలేదు. పొక్కులు మోకాలెత్తున మొదలై పైన ఒకచోట గీత గీసినట్టు ఆగిపోయాయి. నేలలోంచి ఎక్కే చెమ్మ అలా గీత గీసుకుని ఆగదు. మంచం జరిపి చూస్తే దాని వెనక దాగిన గోడ కోడిగుడ్డులా నున్నగా ఉంది. పోచన్న పొక్కుల మీద నాలుక ఆనించాడు. ఉప్పు. స్టూలెక్కి గీత పైన ఆనించాడు. వట్టి సున్నం. నవ్వుకుని, దీపం తీసేసి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారాక తలుపు తట్టి, బకెట్టూ గుడ్డా పట్టుకుని ఒకామె వచ్చింది. గదులు చూసే కాశమ్మ.

"లేచినారా అన్నా? మీరు చాయ్ తాగతా ఉండండి, గోడ తుడిచేసి పోతా."

"తెలుగామెవా! ఏ ఊరమ్మా?"

"రాయచోటి పక్కన. ఈ గోడకూ నాకూ పంతంలే అన్నా. పొద్దున తుడిస్తే మాపటికి మళ్లా ఉప్పు తేల్తాది. ఎంత తుడిస్తే అంత లేస్తాంది పాడుది!"

"ఈ నీళ్లేడియి?"

"వాకిట్లో బావియి. తాగే నీళ్లు గోడకు పోస్తే అర్బాబ్ ఊరుకుంటాడా?"

పోచన్న బకెట్లో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. అదే ఉప్పు.

"అయ్యో, ఏందన్నా అది! గుడ్డ పిండిన నీళ్లు!"

"కాశమ్మా, ఒక్కసారి చెయ్యి పైకెత్తు."

ఎత్తింది. వేళ్ల కొసలు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగాయి. చేతికేసి, గోడకేసి చూసుకుని కాశమ్మ మంచం అంచున కూలబడింది.

"నేనేనా అన్నా ఇదంతా చేసింది?"

"అన్ని రూములూ ఇట్లనే తుడుస్తవా?"

"ఈ ఒక్కటే. సముద్రంగాలి దీనికే కదా తగిలేది."

"మంచిగైంది. మిగతయి బతికినయి."

ఆమె నవ్వలేదు. "నా కాంట్రాక్టు ఇంకా రెండేండ్లుంది. తెలిస్తే ఇంటికి పంపిస్తాడు."

నమాజయ్యాక వజీర్ వచ్చేసరికి మంచం పక్కకి జరిపి ఉంది. పోచన్న గీత చూపించాడు, వెనక గోడ చూపించాడు, బావి నీళ్ల సంగతి చెప్పాడు.

"ఉప్పునీళ్లతో తుడిచింది ఎవరు?" వజీర్ చూపు గుమ్మంలో నిలబడ్డ కాశమ్మ మీద పడింది.

"చెయ్యి ఆమెది. తప్పు నాది," అన్నాడు పోచన్న. "మా నాయిన ఇల్లు అప్పజెప్పేరోజు యజమాని కంటె ముందు ఇంటామెను పిలిచేటోడు. చీపురు చేతికిచ్చి, సున్నపు గోడను తడి తాకకుండ ఎట్ల దులపాల్నో చూపించినంకనే గడప దాటేటోడు. నేను నీకు తాళాలిచ్చి పడవెక్కిన. గదులు తుడిచే ఆమెను పిలువలేదు. చెప్పనిది ఆమెకెట్ల తెలుస్తది?"

వజీర్ గడ్డం నిమురుకున్నాడు. "బాగవుతుందా?"

"మంచినీళ్లల్ల నానబెట్టిన కాగితం గుజ్జు అద్దితె ఉప్పు గుంజుకుంటది. పైన రెండు పూతలు. పదిహేను రోజులు ఈ గది ఎవ్వరికీ ఇయ్యకు."

"తాగే నీళ్లా?"

"తాగేవే."

"గది నీకే ఇచ్చాను కదా, ఉండు," అంటూ వజీర్ ఫోన్ తీశాడు. శనివారం ఎవరూ రానక్కర్లేదని కాంట్రాక్టరుకు చెప్పాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "కాశమ్మా, ఉస్తాద్ చెప్పేది శ్రద్ధగా విను," అన్నాడు.

అప్పుడు పోచన్న సంచిలోంచి తన పాత ఈతపీచు కుంచె తీసి ఆమె చేతిలో పెట్టాడు. పైనుంచి కిందికి, తేలిగ్గా, తడి లేకుండా ఎలా దులపాలో చూపించాడు. ఉప్పు పిండిలా రాలింది. గీత దగ్గరికొచ్చి ఆమె స్టూలు లాక్కుంది.

"పైన గూడా దులపాల్నా అన్నా?"

"ఆడ నీ చెయ్యి పడలేదు," అన్నాడు పోచన్న. "సల్లగున్నది. దాని జోలికి పోకు."

ఈసారి కాశమ్మ నవ్వింది.