కింద పడినందుకు పోలేదు

ఆరేళ్లుగా ఒక చీటీ నా పర్సులో ఉంది. నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచాను. పర్సులు రెండు మారాయి, చీటీ మాత్రం అలాగే ఉంది. అదేమిటో మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే నోరు పెగులుతోంది.

మాది కలకత్తాలో మునిసిపాలిటీ క్వార్టర్స్. ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి కాలువలు శుభ్రం చేసే పనికి వచ్చిన కుటుంబాలం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో బెంగాలీ. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అప్పట్లో రాదు అనాలి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకెందుకంత సిగ్గు? మా ఈడు వాళ్లలో సగం మందికి రాదు, ఎవరూ ఏమీ అనుకోరు. నేనే షాపులో గొప్పలు పోయాను. తెలుగా, దాదా, గడగడా చదివేస్తాను అని.

షాపంటే గార్డెన్ రీచ్‌లో ఆటోలు ఆగే చోట ఉన్న ల్యాప్‌టాప్ రిపేరు షాపు. యజమాని బెంగాలీ, అందరం దాదా అనే పిలుస్తాం. అక్కడ ఒక పద్ధతి ఉంది. వచ్చిన ప్రతి మెషీన్ మీదా జబ్బేమిటో, ఏం చేయాలో రాసి చీటీ అంటిస్తాం. ఒకరోజు నేను భోజనం చేసి వచ్చేసరికి నా బల్ల మీద ఒక ల్యాప్‌టాప్, దాని మీద తెలుగులో ఒక చీటీ ఉన్నాయి. మా క్వార్టర్స్‌లో మూడో వరసలో ఉండే సింహాచలం తాత ఇచ్చి వెళ్లారట. ఆయనకు తెలుగు తప్ప ఇంకో రాత రాదు. మావోడున్నాడు కదా, చదువుకుంటాడు అని తన చేత్తోనే రాశారట.

ఏం రాశాడని దాదా అడిగాడు. నేను చీటీ పట్టుకుని పైనుంచి కిందికి కళ్లు తిప్పాను. ఐదు వరసలు. అన్నీ గుండ్రాలే. ఆన్ కావడం లేదట, నడిచేలా చేయమంటున్నాడు అన్నాను.

ఫోన్ చేసి అడగొచ్చు. ఇంటికి తీసుకెళ్లి మా నాన్న చేత చదివించొచ్చు. తాత ఇల్లు రెండు సందుల అవతలే. అడిగితే పరువు పోతుందా? పోతుందనే అనుకున్నాను. వెధవ పరువు.

ల్యాప్‌టాప్ తెరిస్తే డిస్క్ లేదంటోంది. అందులో ఉన్నది ఎస్ఎస్‌డి. పాత డిస్కుల్లో లాగా గిర్రున తిరిగే పళ్లెం దీంట్లో ఉండదు, అంతా చిప్పుల్లోనే ఉంటుంది. ఊడదీసి షాపు కంప్యూటర్‌కి తగిలించాను. కనబడింది గాని తన పేరుతో కాదు, ఏదో ఫ్యాక్టరీ పేరుతో. సైజు కూడా ఉండాల్సిన దాంట్లో పిసరంత. ఆ లక్షణం నాకు బాగా తెలుసు. చిప్పుల్లో సరుకు అలాగే ఉంది, ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే బుర్ర మొరాయించింది. డేటా కావాలంటే ఇంకేమీ ముట్టుకోకుండా పెద్ద ల్యాబుకి పంపాలి. డిస్క్ నడిస్తే చాలనుకుంటే ఫ్యాక్టరీ టూలు ఒకటుంది. పది నిమిషాల్లో డిస్క్ కొత్తదైపోతుంది, లోపలున్నదంతా పోతుంది. డేటా కావాలా అని అడగకుండా ఆ టూలు నేను ఎప్పుడూ నడపలేదు. ఆ రోజు అడగలేదు. అడిగితే చీటీలో రాశాను కదా అంటారని భయం. నడిపేశాను. విండోస్ ఎక్కించి, తెర తుడిచి, తళతళలాడేలా పెట్టాను కూడా.

మర్నాడు తాత మనవరాలు దేవిని వెంటబెట్టుకుని వచ్చారు. దేవికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. నర్సింగ్‌లో చేరాలని ఆశ. దానికి కుల ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రానికి ఈ ఊళ్లో ఎన్ని తరాలుగా ఉన్నారో చూపించాలి. తాత తండ్రి ఉద్యోగపు కాగితం, పాత రేషన్ కార్డు అన్నీ దేవి ఫొటోలు తీసి ఆ ల్యాప్‌టాప్‌లో దాచింది. అసలు కాగితాలు ఆ వానాకాలం ఇంట్లోకి వచ్చిన నీళ్లలో ముద్దయిపోయాయి. ఫొటోలు చూపిస్తే పాత రిజిస్టర్లలో వెతికిస్తామని ఆఫీసులో అన్నారట. ఇదంతా నాకు అప్పుడే, అక్కడే, ఆ కౌంటర్ దగ్గరే తెలిసింది.

"ఏటి బాబూ, మా అయ్య కాయితాలేవి? ఏటైపోనాయి?" అన్నారు తాత.

"డిస్కు సచ్చిపోయే వచ్చింది తాతా. ఎవులో కింద పడీసినట్టున్నారు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? నేను ముందుగా అనుకోలేదు, దేవుడి మీద ఒట్టు. కస్టమర్లకు పాత డిస్కుల గురించి రోజూ చెప్పే మాట, అలవాటుగా నోట్లోంచి ఊడిపడింది.

తాత దేవి వైపు తిరిగారు. "ఇదేనర్రా! మొన్న బస్సు దిగుతుంటే సంచీ జారిపోనాదంది. సూసినావా ఏటి సేసినావో?"

"తాతా, అప్పుడు పడింది గానీ, తరవాత రెండ్రోజులు బాగానే నడిసింది కదా," అని దేవి నా వైపు చూసింది. "అన్నా, నువ్వు సెప్పు. నడిసింది కదా?"

"లోపట దెబ్బ తగిల్తే వెంటనే తెలీదు," అన్నాను.

మొదటిది భయంతో అన్నాను, పోనీ. ఈ రెండోది? ఆ పిల్ల నన్నే నమ్మి అడిగింది. అంత ఎత్తు నుంచి పడితే ఎస్ఎస్‌డికి ఏమీ కాదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

దేవి ఏడ్చింది. తాత నా భుజం తట్టి, నీ పెయత్నం నువ్వు సేసినావు బాబూ అన్నారు. ఆ ఏడు సీటు పోయింది. పత్రం మూడేళ్లకు గాని రాలేదు, అప్పటికి ఇంట్లో పరిస్థితి మారింది. ఇప్పుడు దేవి సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తుతోంది. తాత రెండేళ్ల క్రితం పోయారు. పోయేదాకా, ఇది పడీకపోతే ఈపాటికి నర్సమ్మ అయ్యుండును అనేవారు.

చీటీ నేను ఆ రోజే పీకి దాచాను. అక్షరాల పుస్తకం కొన్నాను, మా నాన్నకు తెలియకుండా. మూడు నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను:

"బాబూ, ఈ పెట్టె పాడైపోనా పరవానేదు. లోపట మా అయ్య కాయితాలున్నాయి, అవి తీసి ఇయ్యి. తియ్యనేకపోతే ఏటీ సెయ్యకు. ఉన్నట్టే ఇచ్చీ."

నా జీవితంలో నేను చదివిన మొదటి తెలుగు ఉత్తరం అది.

అయినా నోరు విప్పలేదు. చెబుదామని ఎన్నిసార్లు వాళ్ల గుమ్మం దాకా వెళ్లానో! ప్రతిసారీ ఏదో వంక. పోయిన నెలలో మా పాప బారసాల జరిగింది. దేవి వచ్చింది. ఎత్తుకోమని మా ఆవిడ పాపను అందిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దొదినా, నా సేతులు మంచివి కావు. అన్నకి తెలుసు," అని నవ్వింది. అందరూ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. అప్పటి నుంచి నిద్ర లేదు, తిండి లేదు, కూర్చున్న చోట కూర్చోలేను.

ఇంకొకటి కూడా చెప్పాలి. దేవికి తెలుగు చదవడం రాదు. ఇది రాయడానికి కూర్చున్నప్పుడే నాకా సంగతి తెలుసు. మరి తెలిసే తెలుగులో రాస్తున్నానా? ఆమె కంట పడని చోట చెప్పుకుని చేతులు దులుపుకుందామనా? కాదని గట్టిగా అనలేను. నన్ను నేనే నమ్మను.

ఉన్న మాట ఇది. ఆ డిస్క్ కింద పడినందుకు పోలేదు. నేను తుడిచేశాను. దేవి చేతుల తప్పేమీ లేదు.

రాసింది ఇప్పుడే ఒకసారి పైకి చదివాను. ఆరేళ్లలో ఈ మాటలు నా గొంతులోంచి రావడం ఇదే మొదలు. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏటి? ఏటంతన్నావు?" అంది.

మళ్లీ చదివాను, ఈసారి ఆమెకు వినబడేలా.